తాత పంచె మీద మూడూళ్లు

ఏమక్కా, దండెం మీద ఆ నల్ల గీతలు చూసి గుడ్డలు పాడైనాయనుకుంటివా? అవి మా పాప పుస్తకంలో పేజీలక్కా.

గుడ్డ పుస్తకమే. మా నాయన పాత పంచె, ఆయన పోయినాక పెట్టెలోనే దాచిపెట్టింటి. దాన్ని ఉడకబెట్టి, గంజి పోగొట్టి, కరక్కాయ పొడి కలిపిన పాలల్లో ముంచి ఎండేసినాం. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ల పద్ధతి. పాలల్లో కొవ్వు ఉంటాది కాబట్టి రంగు గీత దాటి పాకదు. నల్లరంగుకు తుప్పు మేకులు, బెల్లం నీళ్లల్లో ఏసి వారాల తరబడి మాగబెట్టినాం. వెదురుపుల్లతో గీస్తే మొదట లేతగా పడి, కరక్కాయ తగిలేకొద్దీ నల్లగా తిరుగుతాది. అట్ట కుట్టేదానికి నీరుగట్టువారిపల్లె మగ్గాల కాడ మిగిలిన పట్టుముక్క తెచ్చిపెట్టినా, దబ్బనం కూడా.

మొదటి పేజీ కొండ. హార్స్‌లీ కొండ అని రాయబోతే నేనే ఆపినా. ఆ తెల్లదొర కలెక్టరు పైన ఇల్లు కట్టుకోకముందు అది ఏనుగు మల్లమ్మ కొండే కదక్కా! ఏనుగుల మధ్య పెరిగిన పిల్ల మల్లమ్మ కత మా జేజి చెప్తా ఉన్నింది. ఇప్పుడు ఆ పిల్లను మా పాప గీసింది, చేతిలో పండుతో.

రెండోది మన కాలేజీ. 1919 ఫిబ్రవరిలో ఠాగూరు మదనపల్లెకొచ్చి ఈ కాలేజీలోనే జనగణమనను ఇంగ్లీషులో తన చేత్తో రాసిచ్చినాడు కదా. మార్గరెట్ కజిన్స్ అనే టీచరమ్మ స్వరం రాసి పెట్టింది. ఆయన గడ్డం బొమ్మ గీయలేదు పాప. కాగితమూ, దాని మీద వాలిన చెయ్యీ, అంతే. నాకదే నచ్చింది.

పుంగనూరు పేజీ చూడాలక్కా నువ్వు! ఆవును బొమ్మగా చిన్నది చేసి గీయడమెందుకు, ఆవే చిన్నది కదా అనింది. మూడడుగులు కూడా ఉండదు, పంచె అడ్డకొలతలో నిలువుగా పడుతుంది. పంచె మధ్యలో చింపకుండా పెట్టుకోని, దూడకు పాలిచ్చే ఆవును ఉన్నదున్నంత ఎత్తు గీసింది. పుస్తకంలో అది మడతల పేజీ. మడత విప్పి గోడకు ఆనిస్తే ఆవు పక్కన నిలబడినట్టే. నేను మూపురం మీద చెయ్యి పెట్టి చూసినానక్కా, నడుము కాడికొచ్చింది.

ఇదంతా చూస్తే మా నాయన మాటే గుర్తొస్తాది. వాళ్ల తాత కరణం. అప్పట్లో ఊరి లెక్కంతా తాటాకు కవిలెలోనే అంట. గంటంతో గీకి, పైన మసి రుద్దితే అక్షరం తేలేది. ఆ చింతమాను కాణ్నుంచి ఈ గుండు దాకా ఎల్ల, ఈ చెరువు ఎవరు తవ్వించినారు, ఇవీ అందులో సంగతులు. మెకంజీ దొర కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్యలు ఊరూరా తిరిగి రాయించిన కైఫీయతులు కూడా ఇట్లాంటి వాళ్ల నోటి మాటలూ, కట్టలే. 1984లో కరణాలు పోయినాక ఇంట్లో కట్ట ఏమైందో మా నాయనకే తెలీదు. ఆ బాధ ఆయన్ని చివరిదాకా వదల్లేదు. అందుకే ఆ పంచె తీసిచ్చినా. వేరే గుడ్డ కొనివ్వబుద్ధి కాలా.

ఇంక మిగిలింది కుప్పం. 1911లో చిత్తూరు జిల్లా కాకముందు మన మదనపల్లె కడప కింద, మీ కుప్పం, పుంగనూరు ఉత్తరార్కాటు కింద ఉండేవి. మీ ఊర్లో తెలుగు, తమిళం, కన్నడం ఒకే అంగట్లో వినపడతాయి. నేను రైలు దిగి పోయొచ్చింది రెండుసార్లే, నాకేం తెలుసు? ద్రావిడ విశ్వవిద్యాలయం గేటు గీయమంటే పాప ఒప్పుకోలా. అది ఫొటోలో కూడా ఉంటాదిలే అమ్మా, ఆ యక్క ఇల్లు కావాల అంటాది.

మీ అమ్మకు ఫోన్ చేసి ఇట్లా గోడ మీద స్పీకర్లో పెట్టక్కా. వాకిలి ఏ దిక్కు, ఎదురుగా ఏ మాను, గంగమ్మ జాతర్లో ఆ వీధిలో ఏం చేస్తారో ఆమె మాటల్లోనే చెప్పమను. తమిళం కలిసినా పర్వాలేదు, పాప అట్లే రాసుకుంటుంది. పుల్ల చెక్కుకోని కూచోనుండాది, పిలవనా?