గళ్ల రాకపోతే రక్తం చెబుతుందా?

ధామన్‌కర్ నాకా, భివండి



పోయిన ఉత్తరం చదివి పద్మనగర్ నుంచి ఒక అక్క ఫోన్ చేసింది. "మా చిన్నోనికి మెడ కింద బిళ్లలు కట్టినయి. సన్నజ్వరం పోతలేదు. టీబీ ఉందేమో చూడాలె, గళ్ల తెమ్మని డబ్బీ ఇచ్చిన్రు. వానికి దగ్గే లేదు, గళ్ల యాడికెల్లి తేవాలె అన్నా? రక్తం తీసి చూస్తే తెలవదా?" అని అడిగింది. పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో ఏళ్ల తరబడి అడుగుతున్న ప్రశ్న అది. ఈసారి ఉత్తరమంతా దాని మీదే.

ముందు పిల్లవాడి సంగతి. గళ్ల (కఫం) రాలేదని పరీక్ష ఆగిపోకూడదు. మెడ బిళ్లలో సన్న సూది గుచ్చి తీసిన కాస్త ద్రవాన్ని కూడా సీబీనాట్ అనే టీబీ పరీక్ష మిషన్‌లో పెట్టి చూస్తారు. మరీ చిన్నపిల్లలైతే రాత్రి నిద్రలో మింగేసిన గళ్ల కడుపులో ఉంటుంది, పొద్దున్నే పరగడుపున సన్న గొట్టంతో దాన్ని తీస్తారు. ఇదంతా సర్కారు దవాఖానల్లో ఉచితంగా చేయాల్సిన పరీక్షే. అడగడానికి మొహమాటపడొద్దు, డబ్బీ చేతికిచ్చి పంపిస్తే వెనక్కి పోయి మళ్లీ అడగండి.

అయితే సీబీనాట్ గానీ, మన గోవాలో తయారయ్యే ట్రూనాట్ గానీ వెతికేది క్షయ క్రిమి జన్యువుల కోసం. తీసిన నమూనాలో క్రిమి లేకపోతే మిషన్ చేయగలిగింది లేదు. అక్క అడిగింది వేరే దారి. క్రిమి ఎక్కడో బిళ్లలో దాక్కున్నా, దానితో పోరాడుతున్న మన ఒంటి కణాలు రక్తంలో తిరుగుతూనే ఉంటాయి కదా, వాటిని చూస్తే తెలియదా అని.

తెలుస్తుంది. ఎలాగంటే, మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉండేవి అవే జన్యువులు, సుమారు ఇరవై వేలు. ఊపిరితిత్తి కణమైనా, తెల్ల రక్తకణమైనా తేడా లేదు. తేడా వచ్చేది వాటిలో ఏవి పనిలో ఉన్నాయన్న దగ్గర. ఒక జన్యువు పనిలోకి దిగిందంటే దాని నకళ్లు ఆర్‌ఎన్‌ఏ రూపంలో తయారవుతాయి. ఆ నకళ్లు లెక్కపెడితే అది ఏ రకం కణమో, ఇప్పుడు ఏ పనిలో ఉందో తెలిసిపోతుంది. 1999లో అమెరికాలో టాడ్ గోలబ్ బృందం 38 మంది రక్త క్యాన్సర్ రోగుల మూలుగ తీసి, 6,800కు పైగా జన్యువుల నకళ్లు కొలిచింది. రెండు రకాల లుకీమియాలను ఆ లెక్కలతోనే విడదీయగలిగింది. ఆ రెండింటికీ వైద్యం వేరు కాబట్టి, విడదీయడమంటే ప్రాణం కాపాడడమే.

క్షయ విషయంలో ఇదే పని 2010లో లండన్‌లో ఆన్ ఓగారా బృందం చేసింది. లండన్, కేప్‌టౌన్ నగరాల్లో రోగుల రక్తం తీసి చూస్తే, 393 రకాల ఆర్‌ఎన్‌ఏ నకళ్ల హెచ్చుతగ్గులు జబ్బు ఉన్నవాళ్లలో ఒక తీరుగా, ఆరోగ్యవంతుల్లో ఇంకో తీరుగా కనిపించాయి. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి ఎంత ఎక్కువ పాడైతే ఈ గుర్తు అంత గట్టిగా ఉంది. క్రిమి ఒంట్లో ఉన్నా జబ్బు పైకి తేలనివాళ్లలో పదిమందికి ఒకరిద్దరిలో కూడా అదే గుర్తు కనబడింది. ఆ ఒకరిద్దరే రేపు జబ్బు పడేవాళ్లా? అప్పటి నుంచీ ఆ ప్రశ్న వైద్యులను వదల్లేదు.

ఇక్కడొక చిక్కుంది. నన్నడిగితే ఈ విద్య మొత్తానికి ఇదే అసలు విషయం, అందుకే కాస్త నిదానంగా చెబుతాను. చుక్క రక్తంలో న్యూట్రోఫిల్స్, మోనోసైట్లు, టీ కణాలు, బీ కణాలు, ఇంకా ఎన్నో కలిసి ఉంటాయి. అన్నీ కలిపి నూరి లెక్కపెడితే వచ్చేది మొత్తం. మీరు కార్ఖానా బయట రోడ్డు మీద నిలబడి చప్పుడు వింటున్నారనుకోండి. చప్పుడు పెరిగింది. లోపల ఎక్కువ సాంచాలు (మరమగ్గాలు) నడుస్తున్నాయా, నడిచేవి అన్నే గానీ ఒకదానిలో నాడె దెబ్బ గట్టిగా పడుతోందా? బయట నిలబడి ఎంత చెవి రిక్కించినా తేలదు. మేస్త్రీ లోపలికి పోయి ఒక్కో సాంచా పక్కన నిలబడాల్సిందే.

ఓగారా బృందం అదే చేసింది. రక్తకణాలను రకాలవారీగా వేరుచేసి మళ్లీ కొలిచింది. టీ కణాల జన్యు నకళ్లు తగ్గినట్టు మొదట కనిపించింది. తీరా చూస్తే రక్తంలో టీ కణాల సంఖ్యే తగ్గింది. ఇంటర్‌ఫెరాన్ అనే రక్షణ పదార్థం లేపే జన్యువుల సంగతి వేరు. అవి ముఖ్యంగా న్యూట్రోఫిల్స్ లోపల రెచ్చిపోయి పనిచేస్తున్నాయి. రెండూ క్షయలో కనబడే మార్పులే, కానీ ఒకటి లెక్క తగ్గడం, ఇంకొకటి కణం తీరే మారడం. ఈ తేడా పట్టుకోకుండా మందు వెతకడం, పరీక్ష తయారుచేయడం రెండూ గుడ్డి పనులే.

ఇప్పుడైతే ఒక్కో కణాన్నే విడిగా చూసే పద్ధతి వచ్చింది. 2015లో హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లో రెండు బృందాలు దాన్ని వేలకొద్దీ కణాలకు ఒకేసారి పనికొచ్చేలా చేశాయి. వెంట్రుకంత సన్నని కాలువలో ఒక పక్క నుంచి నీళ్లలో కణాలు వస్తాయి, ఇంకో పక్క నుంచి కంటికి కనపడని పూసలు వస్తాయి. అడ్డంగా నూనె పారి నీటిని తుంపరలుగా తెంపుతుంది. ఒక తుంపరలో ఒక కణం, ఒక పూస చిక్కుకుంటాయి. తుంపర లోపలే కణం పగిలి దాని ఆర్‌ఎన్‌ఏ పూసకు అతుక్కుంటుంది. ప్రతి పూసకూ తనదైన గుర్తు ఉంటుంది కాబట్టి, తర్వాత అన్నీ కలిపి చదివినా ఏ నకలు ఏ కణానిదో తేల్చవచ్చు. చాలా తుంపరల్లో అసలు కణమే ఉండదు. ఒక్కోదానిలో రెండు పడి లెక్క చెడగొడతాయి. వాటిని ఏరి పారేయడానికే సగం ఓపిక ఖర్చవుతుంది.

దీనివల్ల ఏం ఒరిగింది? సిస్టిక్ ఫైబ్రోసిస్ అని ఊపిరితిత్తుల్లో జిగురు పేరుకుపోయే పుట్టుకతో వచ్చే జబ్బు ఉంది. దానికి కారణమైన సీఎఫ్‌టీఆర్ జన్యువును 1989లోనే కనిపెట్టారు. అది శ్వాసనాళంలో ఏ కణంలో ఎక్కువగా పనిచేస్తుందో తెలిసింది మాత్రం 2018లో. అప్పటిదాకా ఎవరూ గుర్తించని అయానోసైట్లు అనే కణాలు బయటపడ్డాయి. నూటికి ఒకటి కూడా ఉండని ఆ కణాలే, ఎలుకల శ్వాసనాళంలో ఆ జన్యు నకళ్లలో సగానికి పైగా తయారుచేస్తున్నాయి. జన్యువు దొరికాక దాని ఇల్లు దొరకడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది.

మళ్లీ మన క్షయకు వద్దాం. దక్షిణాఫ్రికాలో 12 నుంచి 18 ఏళ్ల పిల్లలు 6,363 మందిని రెండేళ్లు గమనిస్తూ రక్తం దాచిపెట్టారు. వాళ్లలో జబ్బు పడినవాళ్ల పాత రక్తాన్ని తీసి చూస్తే, 16 జన్యువుల లెక్కతో జబ్బు బయటపడే ముందటి ఏడాదిలోనే మూడింట రెండు వంతుల మందిని గుర్తించగలిగేవారని 2016లో తేలింది. అదే ఏడు స్టాన్‌ఫర్డ్‌లో పూర్వేశ్ ఖత్రి బృందం జీబీపీ5, డీయూఎస్‌పీ3, కేఎల్‌ఎఫ్2 అనే మూడు జన్యువులే చాలని చూపింది. వేలి కొస గుచ్చి తీసిన రక్తంతో ఈ మూడింటినీ గంటలోపు కొలిచే కార్ట్రిడ్జ్‌ను కూడా పరీక్షించారు. సీబీనాట్ నడిచే మిషన్‌లోనే అదీ నడుస్తుంది.

మరి మన దవాఖానల్లో ఎందుకు లేదంటారా? ఇంటర్‌ఫెరాన్ జన్యువులు వైరస్ జ్వరాల్లోనూ లేస్తాయి. వానాకాలం భివండిలో జ్వరం లేని గల్లీ ఏది? అలాంటప్పుడు ఫ్లూ వచ్చినవాడిని క్షయ అని, క్షయ వచ్చినవాడిని ఫ్లూ అని పొరబడే ప్రమాదముంది. ఇంకో పెద్ద దెబ్బ 2021లో తగిలింది. రక్తంలో ముప్పు గుర్తు ఉన్నవాళ్లకు దక్షిణాఫ్రికాలో మూడు నెలల ముందస్తు మందులు ఇచ్చి చూస్తే, జబ్బు పడేవాళ్లు తగ్గలేదు. గుర్తుపట్టడం వేరు, ఆపగలగడం వేరు. నాకు నిరాశ కలగలేదుగానీ, ఈ పరీక్ష వచ్చేసిందని ఎవరైనా డబ్బు గుంజితే నమ్మకండని గట్టిగా చెబుతున్నాను.

నా మనసులో ఉన్న ఇంకో మాట. ఇలా ఒక్కో కణాన్నీ విడిగా చూసి గీసిన ఊపిరితిత్తుల కణ పటం 2023లో వెలువడింది. అందులో 486 మంది నుంచి తీసిన 24 లక్షల కణాలున్నాయి. ఆ మనుషుల్లో ఎక్కువమంది యూరప్ సంతతివాళ్లు. ఆసియావాళ్ల రక్తకణాల పటం 2025లో వచ్చింది. అందులో మన దేశంతో సహా ఐదు దేశాల నుంచి 619 మంది ఉన్నారు, అది మంచి మొదలు. కానీ అందులోనివి ఆరోగ్యవంతుల రక్తకణాలు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. పన్నెండు గంటల డ్యూటీలో కనురెప్పల మీద నూలు పొట్టు తెల్లగా పేరుకునేలా పనిచేసి, ఒక్క గదిలో పదిమంది పడుకునే మన సిరిసిల్ల, కరీంనగర్, నల్లగొండ తమ్ముళ్ల కణాలు ఎలా ఉన్నాయో చూడాలి. హైదరాబాద్‌లో సీసీఎంబీ వంటి సంస్థలున్నాయి. ఈ పని ఇక్కడ జరగాలని గట్టిగా కోరుకుంటున్నాను.

చివరగా, ఇప్పుడు గోలీలు వాడుతున్నవాళ్ల కోసం. 2010 నాటి ఆ పరిశోధనలోనే రోగులకు మందులిస్తూ రక్తాన్ని మళ్లీ మళ్లీ చూశారు. రెండు నెలలకే గుర్తు బాగా తగ్గింది. ఆరోగ్యవంతుల రక్తంలా మారింది మాత్రం పన్నెండో నెల పరీక్షలో. మనవాళ్లు చాలామంది ఆపేసేది సరిగ్గా ఆ రెండో నెలలోనే. దగ్గు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది, బతుకమ్మకో దసరాకో ఊరికి బండెక్కుతారు, గోలీలు ఇక్కడి గూట్లో మిగిలిపోతాయి. ఊరికి పోయేముందు దవాఖానలో చెప్పి, మీ నిక్షయ్ నంబరు (టీబీ రోగులకు సర్కారు ఇచ్చే నమోదు నంబరు) రాసిపెట్టుకోండి. అది దేశమంతా చెల్లుతుంది, సిరిసిల్లలోనూ అదే నంబరు మీద మందులిస్తారు. ఆరు నెలల కోర్సులో ఎన్ని నెలలైందో కాగితం మీద రాయించుకుని వెంట తీసుకుపోండి.

మీ ప్రశ్నలు పంపుతూ ఉండండి.

మీ
ధామన్‌కర్ నాకా మిత్రుడు