బిలస్వర్గానికి కాలినడక

డోన్ అంటే మనలో చాలామందికి రైలు మారే ఊరు. హైదరాబాదు వైపు నుంచి వచ్చే దారీ, గుంటూరు నుంచి గుంతకల్లు పోయే దారీ అక్కడ కలుస్తవి. ప్లాట్‌ఫారం మీద ఇంత ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిని, మూటా ముల్లే సర్దుకొని వెళ్ళిపోతాం. ద్రోణాచలం అనే పాతపేరునూ, దాని చుట్టూ అల్లుకున్న ద్రోణాచార్యులవారి కథనూ ఎవరైనా చెపితే, "అట్లాగా!" అని ఊరుకొంటాం. నేను మాత్రం చదువు నిమిత్తం ఆ ఊళ్ళో రెండేళ్ళు మకాం పెట్టినవాణ్ణి. కాలువ గట్టున, కొబ్బరిచెట్ల నీడన పెరిగిన నాకు మొదట్లో అది పరదేశమే. ఒక బకెట్టు నీళ్ళతో స్నానమూ, బట్టలు ఉతకడమూ రెండూ కానిచ్చే విద్య నాకు అబ్బింది అక్కడే.

మార్గశిరమాసంలో ఒక ఆదివారం మేము ఏడుగురం బిలస్వర్గం గుహలు చూడటానికి బయలుదేరాం. పల్లెల్లో దాన్ని బిల్లసర్గం అంటారు. నంద్యాల వైపు పోయే బండిలో బేతంచెర్ల దాకా ప్రయాణం, అక్కడినుంచి కాలినడక. మాలో ఒకడిది ఆ పక్క పల్లెే. వాళ్ళ నాన్న బండల గనిలో పనిచేస్తాడు. దారి చూపించే భారం సహజంగా అతని మీద పడింది.

బేతంచెర్ల చుట్టుపక్కల రాయి లేనిది ఏదీ లేదు. ఇంటి నేల బండ, అరుగు బండ, చేనికి కంచె కూడా నిలువునా పాతిన బండలే. తెలుగుదేశంలో మీరు ఏ ఊళ్ళో వున్నా సరే, మీ కాళ్ళ కింద వున్నది ఈ బేతంచెర్ల బండే కావచ్చు. ఊరు దాటగానే తంగేడు, జిల్లేడు, రేగుపొదలు. తంగేడు విరగబూసి వుంది. పది గంటలకే ఎండ వీపు మీద చెయ్యి వేసింది. మార్గశిరమే కదా అని తలా ఒక సీసా నీళ్ళే పట్టుకున్నారు కోస్తా మిత్రులు. వాటిలో సగం మొదటి మైలులోనే అయిపోయాయి.

దారిలో కంబళి భుజాన వేసుకొన్న గొర్రెల కాపరి ఒకాయన ఎదురైనాడు.

"యాడికి పోతాండారప్పా?"

చెప్పాం.

"ఏముందని సూస్తారు ఆడ? గబ్బిలాలు తప్ప!" అని నవ్వి, మా సీసాల వైపు చూసి, "నీళ్ళు సాలవు నాయనా," అంటూ తన బుర్రలోవి రెండు సీసాలలోకి వంచినాడు. వద్దన్నా వినలేదు. ఆ సీమలో నీళ్ళు ఇవ్వడమంటే ఏమిటో తెలిసినవాణ్ణి గనక, ఆ ధార పడుతున్నంతసేపూ నాకు మాట రాలేదు.

గుహలంటే చీకటి బిలాలనుకొని వెళ్ళాం. తీరా చూస్తే, అవి సున్నపురాతి కొండలో నీరు యుగాల తరబడి తొలిచిన సొరంగాలు. చాలాచోట్ల కప్పు కూలిపోయి ఆకాశానికి తెరుచుకొని వున్నవి. రెండు పక్కలా నిట్టనిలువు గోడలు, మధ్య సన్నని దారి. బయట మండుతున్న ఎండ అక్కడ చల్లని పచ్చివాసనగా మారిపోయింది. ఈ చల్లదనం చూసే స్వర్గమన్నారేమో మనవాళ్ళు!

1844లో కెప్టెన్ న్యూబోల్డ్ అనే ఆయన ఈ గుహలను గురించి రాశాడు. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ ఇక్కడ తవ్వకాలు జరిపారు. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో పాతరాతియుగపు పనిముట్టును కనిపెట్టింది ఈ ఫుట్ దొరే. గుహలకు ఆయన కెథీడ్రల్, చార్నెల్ హౌస్, పర్గెటరీ అని పేర్లు పెట్టాడు. మనం స్వర్గమన్నచోట, పాపాలు కడుక్కొనే తావు ఒకటి ఆయనకు కనిపించడం తమాషా! దొరికిన ఎముకలను పరిశీలించి 1886లో లైడెక్కర్ అనే శాస్త్రజ్ఞుడు ఒక ఖడ్గమృగానికి 'రైనాసరస్ కర్నూలియెన్సిస్' అని నామకరణం చేశాడు. కరువుసీమలో ఖడ్గమృగం! తర్వాత మళ్ళీ తవ్వి, లెక్కలు కట్టి 2014లో ప్రకటించిన సంగతి ఇంకా విచిత్రం. ఇక్కడ గుర్తించిన 21 రకాల జంతువులలో 20 కనీసం లక్ష సంవత్సరాల నుంచి నేటిదాకా ఈ దేశంలో బతికే వున్నవట.

దాదాపు అదేకాలంలో, 1879లో, స్పెయిన్ దేశంలోని ఆల్టమీరా గుహలో ఒక చిన్నపిల్ల తలెత్తి చూసి కప్పు మీది దున్నల బొమ్మలను తండ్రికి చూపించింది. పండితులు ఆ తండ్రిని నమ్మలేదు. 1902 నాటికి నమ్మేసరికి ఆయన లేడు. నేడు ఆ గుహను ఎంతో అపురూపంగా కాపాడుకొంటున్నారు. జనం చూడటానికి పక్కనే నకలు గుహ కట్టి 2001లో తెరిచారు. ఇదంతా నేను మిత్రులకు చెపుతూ వుండగా దూరంనుంచి గనిలో రాయి పగిలే చప్పుడు వినవచ్చింది. గోడ మీది మట్టి కొంచెం రాలింది.

"ఈ కొండనూ ఒకనాడు బండలు చేసి అమ్ముతారు!" అన్నాడు మాలో ఒకడు కోపంగా.

దారి చూపించినవాడు వెంటనే జవాబు చెప్పలేదు. కాసేపటికి, "బండ కొట్టకుంటే నేను మీతో చదువుకొనేవాణ్ణి కాదు," అన్నాడు. తర్వాత ఎవరమూ మాట్లాడలేదు. జొన్నరొట్టెలూ, శెనక్కాయల పచ్చడీ పంచుకొని తిన్నాం. రెండు పక్షాలలోనూ న్యాయం వుందని నాకు తోచింది. అయితే గుహ మరొకటి కొనలేమనే పక్షానికే నా మనస్సు మొగ్గింది.

సాయంత్రం వాళ్ళ ఇంటికి వెళ్ళాం. వాళ్ళ నాన్న చేతులకు తెల్లని రాతిపొడి ఇంకా అంటుకొనే వుంది. మాకు మజ్జిగ ఇప్పించి, ఏం చూశారని అడిగాడు. ఎర్రమట్టిలో ఎముకల సంగతి చెప్పాం.

"ఎర్రమన్ను తగిల్తే ఆడ పలక లేసిరాదు నాయనా. పనికిరాదని పారేస్తాం," అన్నాడు.

"పారేసేముందు ఎప్పుడైనా చూశావా, నాన్నా?" అని కొడుకు అడిగాడు.

ఆయన ఆలోచించి, లేదన్నట్లు తల వూపినాడు. "ఇంగమీదట సూస్తాలే," అన్నాడు.

డోన్ బండి వేళ కావస్తున్నది. మా సీసాలు నింపి ఇచ్చి, స్టేషను దాకా వచ్చి ఎక్కించారు.