స్టాండ్‌బైలో కూడా మోగింది

మా బాబాయి ఒకప్పుడు ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాడు. ఏళ్ల తరబడి అటక మీద పడున్న ఆయన ట్యూబ్ ఆంప్‌ని సంక్రాంతి సెలవులయ్యాక హాస్టల్‌కి మోసుకొచ్చాను. కండక్టర్ దానికి లగేజీ టికెట్ కూడా కొట్టాడు. అది వేరే కథ.

అంత పాతదాన్ని తిన్నగా ఆన్ చెయ్యకూడదన్నాడు మా రూమ్మేట్. రెండు రాత్రులు కూర్చుని ఫిల్టర్ కెపాసిటర్లన్నీ మార్చాడు. ప్లగ్ పీకేశాక కూడా వాటిలో 400 వోల్టుల దాకా నిలవుండొచ్చు. అందుకని ముందు రెసిస్టర్ పెట్టి ఖాళీ చేసి, మీటర్‌తో చూసుకుని గానీ వాడు చెయ్యి పెట్టలేదు.

ఆన్ చేస్తే ఒకటే హమ్. వాల్యూమ్ సున్నాకి తిప్పినా తగ్గలేదు. ఫోన్‌లో యాప్ పెట్టి చూస్తే 100 హెర్ట్జ్. గిటార్ లావు తీగ మీద మూడో ఫ్రెట్ స్వరానికి ఒక్క పిసరు పైన. ఇంకేం, నాలో ఇంజనీరు నిద్రలేచాడు. కరెంటు 50 హెర్ట్జ్, రెక్టిఫై చేస్తే రిపుల్ 100, అంటే ఫిల్టరింగ్ సరిగ్గా లేదు! "నీ సోల్డరింగేరా బాబూ" అనేశాను, నలుగురి ముందు. వాడు ఏమీ అనలేదు. మర్నాటి నుంచి మెస్‌లో వేరే టేబుల్.

ఐదో రోజు రాత్రి ఒక్కడినే ఆన్ చేశాను. స్టాండ్‌బై స్విచ్ వెయ్యడం మర్చిపోయాను. అయినా హమ్ వస్తోంది! స్టాండ్‌బైలో ట్యూబులకి హై వోల్టేజ్ అందదు కదా, మరి స్పీకర్ ఎలా మోగుతుంది? చెవి ఆనించి చూశాను. స్పీకర్ నిశ్శబ్దం. చప్పుడు వెనకనుంచి. బైక్ మెకానిక్ ఇంజన్ మీద స్క్రూడ్రైవర్ పెట్టి వింటాడే, అలా చెక్క స్కేలు ఒక కొస ట్రాన్స్‌ఫార్మర్ మీద, రెండోది చెవి దగ్గర పెట్టాను. తుమ్మెద!

ట్రాన్స్‌ఫార్మర్ లోపలుండేది పలచటి ఇనప రేకుల దొంతర. కరెంటు ఒక్కో సైకిల్‌కి అయస్కాంతత్వం రెండుసార్లు పెరిగి తగ్గుతుంది, దాంతోపాటు ఇనుమూ కంటికి కనపడనంత సాగి ముడుచుకుంటుంది. అదీ 100 హెర్ట్జే. వాడి కెపాసిటర్లదీ దీనిదీ ఒకే శ్రుతి. నేను శ్రుతి చూశాను గానీ, ఎక్కణ్ణుంచి వస్తోందో వినలేదు.

ప్లగ్ పీకి, వాడు చేసినట్టే రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటర్‌తో చూసుకుని బోల్టులు పట్టుకున్నాను. నాలుగింట్లో ఒకటి వేళ్లతోనే తిరిగింది. బహుశా నేను తెచ్చిన బస్సులోనే వదులైందేమో. బిగించాక హమ్ సగానికి పైగా తగ్గింది.

వెళ్లి వాణ్ణి లేపాను. కళ్లు నులుముకుంటూ వచ్చి విన్నాడు.

"ఇంకా ఉంది కదరా."

"ఇనుము కదా, కొంచెం ఉంటుంది."

"హాస్టల్ వోల్టేజ్ చూశావా?"

చూడలేదు. మీటర్ పెడితే 244. ఆంప్ వెనక సెలెక్టర్ 220 దగ్గరుంది. వోల్టేజ్ ఎక్కువైతే కోర్ సాచురేషన్ అంచుకెళ్లి ఇంకా మోగుతుంది. వాడు స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, సెలెక్టర్‌ని 240కి మార్చి మళ్లీ ఆన్ చేశాడు. ఈసారి వినాలంటే వంగాల్సొచ్చింది.

"సారీ రా" అన్నాను.

"నాక్కాదు. రేపు మెస్‌లో ఆ నలుగురికీ చెప్పు" అని వెళ్లి పడుకున్నాడు.

చెప్పాను. చాలదనిపించి, ఇదిగో, ఇక్కడ కూడా రాస్తున్నాను.