దుబాయ్ లెక్క

మా అక్కను ఇచ్చింది జగిత్యాల దిక్కు. అక్కడి పల్లెల్లో ఏ ఇంటికి పోయినా ఒకరు దుబాయ్‌లోనో, మస్కట్‌లోనో ఉంటారు. మా జహీరాబాద్‌లోనూ గల్ఫ్ పోయినవాళ్లు ఉన్నారు గానీ అట్లా ఊరికి ఊరే కదలలేదు. పైగా బీహార్, ఒడిశా పిల్లలు ఇక్కడికొచ్చి గదులు అద్దెకు తీసుకుంటున్నారు.

మాకు ముంబై రోడ్డు ఉంది, మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉంది, చెరకు ఉంది, నూరు కిలోమీటర్లలో హైదరాబాద్ ఉంది. అక్కవాళ్ల వైపు బోర్లు ఎండాయి. ఆడవాళ్లకు బీడీలు, మగవాళ్లకు ఏమీ లేదు. ఒకప్పుడు అన్నలకూ పోలీసులకూ మధ్య నలగలేక పోయినవాళ్లూ ఉన్నారు. ముందు పోయినవాడు తమ్ముడికి వీసా పంపాడు, తమ్ముడు బామ్మర్దికి పంపాడు. దారి పడ్డాక ఎవరు ఆగుతారు?

మా బావ పోయి పద్నాలుగేళ్లు. రెండేళ్లకోసారి నెల రోజులు వస్తాడు. ఇల్లు కట్టాడు, కూతురి పెళ్లి చేశాడు. ఆ పిల్లకు మాత్రం నాన్నంటే ఫోన్లో గొంతే.

ఇప్పుడు కొడుకూ పోతానంటున్నాడు. అక్క ఏడుస్తూ ఫోన్ చేస్తే, "ఇక్కడికి పంపు, కాంట్రాక్టు పని ఇప్పిస్తాం" అన్నాను. వాడే ఫోన్ తీసుకున్నాడు. "చిన్నమ్మా, అక్కడ ఇచ్చేది పద్నాలుగు వేలు. గది, తిండి పోతే ఏం మిగుల్తది? దుబాయ్‌లో పన్నెండు వందల దిర్హమ్‌లు, గది కంపెనీదే" అన్నాడు. ఆ లెక్కకు నా దగ్గర జవాబు లేదు. ఊళ్లోనే ఉండమని చెప్పడం మనకు తేలికే, నెల గడిపేది వాళ్లు కదా.

అందుకే వద్దనడం మానేసి వేరే సంగతులు చెప్పాను. విజిట్ వీసా మీద మాత్రం పోవద్దు. పది పాస్ కాని వాళ్లు గల్ఫ్‌కు పనికి పోవాలంటే ప్రభుత్వం క్లియరెన్స్ ఉండాలి. దాన్ని తప్పించడానికే కొందరు ఏజెంట్లు విజిట్ వీసా అంటగడతారు. అక్క మరిదిని అట్లాగే పంపారు. పని లేక, దాక్కుని తిరిగి, అప్పుతో వచ్చాడు. పద్ధతిగా పోతే పది లక్షల ప్రవాసీ బీమా ఉంటుంది, రెండేళ్లకు కట్టేది మూడొందల లోపే. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల ఇంటికి మన రాష్ట్రం 5 లక్షలు ఇస్తామని 2024లో ఉత్తర్వు ఇచ్చింది. ఆ మాట మాత్రం అక్కతో అనలేకపోయాను.

అగ్రిమెంటు ఫోటో తీసి పంపమన్నాను. మా అమ్మాయి చదివి చెప్తుంది. జీతమెంత, గది ఎవరిది, సెలవు ఎన్నేళ్లకు, ఈ మూడూ అందులో రాసి ఉంటేనే డబ్బు కడతానని అక్క అంది. రెండు రోజులైంది, ఫోటో ఇంకా రాలేదు.