బర్మామైన్స్ నుంచి భీమిలి దాకా

జంషెడ్‌పూర్ బర్మామైన్స్ తెలుగువాళ్ళకి ఊరికి పోవడమంటే రైలే. టాటానగర్ స్టేషను పక్కనే ఉంది. రైలెక్కి ఒక నిద్ర తీస్తే పలాసో శ్రీకాకుళం రోడ్డో వచ్చేస్తుంది. ఆ నిద్రలోనే మహానది, చిలికా, గోపాలపురం, బారువ అన్నీ దాటిపోతాయి. 1912లో సాక్చిలో ఉక్కు పోత మొదలైన తర్వాత ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాల్లో ఇప్పుడు నాలుగో తరం నడుస్తోంది. ఈ పిల్లలకు తాతల ఊరు తెలుసు. ఊరికీ ఇంటికీ మధ్య ఉన్న తీరం మాత్రం తెలియదు. అందుకే ఈసారి మేం రోడ్డు పట్టాం. టెంపో ట్రావెలర్‌లో పడకలు, చిన్న వంటగట్టు, నీళ్ల ట్యాంకు, మరుగుదొడ్డి అమర్చిన కారవాన్ అద్దెకు తీసుకున్నాం. ముసలివాళ్ళతో దూరం వెళ్ళేవారికి దీన్ని మించిన బండి లేదు. నడుం వాల్చాలనిపిస్తే హోటల్ వెతకక్కర్లేదు. ఆడవాళ్ళు పెట్రోల్ బంకు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడక్కర్లేదు.

మానగో వంతెన మీద సువర్ణరేఖను దాటగానే 18వ నంబరు జాతీయ రహదారి దగ్గరపడుతుంది. అక్కణ్ణించి ఘాట్‌శిల దాకా నది కుడిచేతి వైపు, ఒకసారి దగ్గరగా, ఒకసారి సాలచెట్ల వెనక, మనతోనే వస్తుంది. ఘాట్‌శిల రాగి గనుల ఊరు. బెంగాలీ నవలాకారుడు విభూతిభూషణ్ బందోపాధ్యాయ 1950లో కన్నుమూసిందీ ఇక్కడే. బహరాగోడా దాటాక ఒడిశా సరిహద్దులో అదే నదిని మళ్ళీ దాటాలి. ఇక్కడ అది వెడల్పుగా, ఇసుక మేటలతో, తొందర లేకుండా ఉంటుంది. మనం దక్షిణానికి తిరుగుతాం, అది తూర్పుకు పోయి బాలేశ్వర్ జిల్లాలో సముద్రంలో కలుస్తుంది.

బాలేశ్వర్ నుంచి భువనేశ్వర్ దాకా 16వ నంబరు రహదారిలో చెప్పుకోవలసింది లారీలు, వంతెనలు. వైతరణి, బ్రాహ్మణి, మహానది వరసగా వస్తాయి. ఆగకుండా సాగిపోవచ్చు.

ఆగవలసింది చిలికా దగ్గర. బాలుగావ్ దాటాక రోడ్డు, రైలుపట్టాలు, సరస్సు పక్కపక్కనే నడుస్తాయి. మన దేశం నుంచి 1981లో రామ్‌సర్ జాబితాకు ఎక్కిన మొదటి రెండు చిత్తడి నేలల్లో చిలికా ఒకటి. ఇసుక మేట వేసి సముద్రపు ముఖద్వారం మూసుకుపోతుంటే ఉప్పునీరు తగ్గింది, చేపలు తగ్గాయి, కలుపు పెరిగింది. 2000లో కొత్త ముఖం తవ్వాక సరస్సు మళ్ళీ కోలుకుంది. ఈ తీరంలో మనుషులు చేసిన పనుల్లో నేను మనసారా మెచ్చుకునేది అదే. సరస్సు మధ్య ద్వీపంలో కాళీజాయి గుడి ఉంది. అత్తవారింటికి పడవలో పోతూ గాలివానలో మునిగిపోయిన కొత్త పెళ్లికూతురే అక్కడ అమ్మవారైందని పడవవాళ్ళ నమ్మకం. రంభ వైపు నీళ్ళలో ఒక రాతిగుట్ట, దాని మీద శంకువులా ఒక స్తంభం. ఈస్టిండియా కంపెనీ కాలంలో గంజాం కలెక్టరుగా ఉన్న స్నాడ్‌గ్రాస్ పైన దీపం పెట్టడానికి కట్టించాడు. మా ప్రయాణంలో కనబడిన మొదటి దీపస్తంభం అదే. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమయ్యే దాకా ఈ గంజాం మద్రాసు రాజధానిలోనిది.

గంజాం దగ్గర ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వేలకొద్దీ వచ్చి గుడ్లు పెడతాయి. తాబేలు పిల్లలు రాత్రిపూట గుడ్లలోంచి బయటికొచ్చి, వెలుతురు ఎక్కువున్న వైపు పరుగెడతాయి. చీకటి తీరంలో ఆ వెలుతురు సముద్రానిదే. ఒడ్డున బండి దీపాలు వెలుగుతుంటే అవి రోడ్డుమీదికి వచ్చి చస్తాయి. కారవాన్లో వెళ్ళేవాళ్ళు తాబేళ్ళు గుడ్లు పెట్టే, పిల్లలు బయటికొచ్చే కాలంలో రాత్రి అక్కడ ఆపకూడదు. ఆపితే ఒక్క బల్బు కూడా వెలగకూడదు.

గోపాలపురంలో లైట్‌హౌస్ ఉంది, పాత రేవు తాలూకు శిథిలాలున్నాయి. ఇక్కణ్ణించి, కళింగపట్నం నుంచి, భీమిలి, విశాఖపట్నం, కాకినాడల నుంచి స్టీమర్లు రంగూన్‌కి పోయేవి. వరికోతలకి, ధాన్యం మిల్లులకి, రేవు కూలికి ఎన్ని వేలమంది తెలుగువాళ్ళు వెళ్ళారో! ఉత్తరాంధ్రలో దాన్ని ‘రంగం ఎల్లడం’ అనేవారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక చాలామంది అడవుల వెంట నడిచి వెనక్కి వచ్చారు, చాలామంది దారిలోనే పోయారు. ఉత్తరాంధ్ర కుటుంబాల్లో ఒక అన్న రంగం వెళితే ఒక తమ్ముడు టాటాకు వచ్చాడు. ఈ తీరంలోని లైట్‌హౌస్‌లు ఆ అన్న చూసిన దీపాలు. మా బండిలో వచ్చిన పెద్దాయన గోపాలపురం ఒడ్డున నిలబడి, “మా పెదనాన్న ఎల్లినోడు మళ్ళీ రాలేదర్రా” అన్నాడు. ఇంట్లో ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదని ఆయన కొడుకు తర్వాత నాతో చెప్పాడు.

ఇచ్ఛాపురం దగ్గర ఆంధ్రలోకి వస్తాం. బారువలో మహేంద్రతనయ సముద్రంలో కలుస్తుంది, పక్కనే లైట్‌హౌస్. ఇక ఉద్దానం మొదలు. కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య ఇరుకు దారులు. కరెంటు తీగలు కిందికి వేలాడుతుంటాయి కాబట్టి ఎత్తైన బండిని జాగ్రత్తగా తోలాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఇక్కడే తీరం దాటి తోటలకు తోటలే పడగొట్టింది. కొబ్బరి మళ్ళీ కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళలో కొడుకులు వలస పోతారు. జంషెడ్‌పూర్‌కి కాదు ఇప్పుడు, హైదరాబాదుకో చెన్నైకో.

టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చింతచెట్ల మీద కాపురం పెట్టి ఉంటాయి. అవి చూసుకుని వంశధార ముఖం దగ్గర కళింగపట్నం చేరాం. ఒకప్పటి పెద్ద రేవు, ఇప్పుడు జాలరుల పడవలు మాత్రమే. లైట్‌హౌస్ మాత్రం పని మానలేదు. ప్రతి లైట్‌హౌస్‌కీ తనదైన మెరుపు లెక్క ఉంటుంది. ఎన్ని సెకన్లకు ఎన్నిసార్లు వెలిగిందో చూసి ఇది ఫలానా ఊరు అని నావికుడు పోల్చుకుంటాడు. ఇంకా కిందికి, కోనాడ వైపు కొండమీద ఉన్న శాంతపల్లి దీపం 1847 నాటిది. భీమిలికి వచ్చే ఓడలు సముద్రంలో దాగిన రాళ్ళకు తగలకుండా దాన్ని పెట్టారు. ఆ రాళ్ళు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

భీమిలిలో గోస్తనీ నది, డచ్చివాళ్ళ సమాధులు, ఒడ్డునే చిన్న తెల్లని లైట్‌హౌస్. మా దారి అక్కడితో సరి.

జంషెడ్‌పూర్ తెలుగు సంఘాలవారికి నా విన్నపం ఒకటుంది. ఏటా చలికాలంలో ఒక బండి ఈ దారిన పంపండి. పిల్లలతో పాటు ఎనభై దాటినవాళ్ళని తప్పకుండా ఎక్కించండి. ఎవరు ఏ రేవులో ఓడెక్కారో, ఎవరు తిరిగి రాలేదో వాళ్ళకే తెలుసు. వాళ్ళు చెప్పింది అక్కడే, ఆ ఒడ్డునే రాసి పెట్టుకోండి.