ఉన్నదాంట్లోనే సరిపోయింది

మినీ ప్రాజెక్ట్ రివ్యూకి ఇంకా ఒక్క రాత్రే ఉంది. మా బ్యాచ్‌లో ముగ్గురం. డేటాబేస్ పని నాది. "అదేముందిరా, రెండు కమాండ్లు" అని గొప్పగా అన్నది కూడా నేనే.

నా లాప్‌టాప్ సెకండ్ హ్యాండ్‌ది, 4 జీబీ ర్యామ్. అందులో సగం పైన విండోసే తినేస్తుంది. అందుకని వర్చువల్ మెషీన్‌లో ఉబుంటు సర్వర్ వేసి, దానికి 512 ఎంబీ ఇచ్చాను. మైఎస్‌క్యూఎల్ ప్యాకేజీలన్నీ దిగాయి. చివర్లో సర్వీస్ స్టార్ట్ అవ్వాల్సిన చోట ఎర్రర్. తీసేసి మళ్లీ వేశాను. అదే. మూడోసారీ అదే.

"ర్యామ్ వేయించుకోరా బాబూ, ఇది అయ్యేది కాదు" అని రూమ్మేట్ దుప్పటి కప్పుకున్నాడు.

ఇంటికి ఫోన్ చేశాను. మిల్లుకి వేసిన ధాన్యం డబ్బులు ఇంకా రాలేదని నాకు తెలుసు. అయినా చేశాను. నేను నోరు తెరవకముందే నాన్న, "ఏరా, డబ్బులేమైనా కావాలా? ఎంతో చెప్పు, చూస్తా" అన్నాడు. గొంతులో ఏదో అడ్డం పడింది. "ఏం వద్దు నాన్నా, ఊరికే చేశా" అని పెట్టేశాను.

అప్పుడు చేశాను, మొదటే చేయాల్సిన పని. లాగ్ చదవడం. మైఎస్‌క్యూఎల్ లాగ్‌లో కారణమేమీ లేదు, మధ్యలో ఆగిపోయింది అంతే. డీమెసేజ్ కమాండ్‌తో కెర్నల్ లాగ్ చూస్తే తెలిసింది. మెమరీ చాలక కెర్నలే మైఎస్‌క్యూఎల్‌ని చంపేసింది. చచ్చినవాడు తన చావు కబురు రాయలేడు కదా!

లినక్స్ తన దగ్గర ఉన్నదానికంటే ఎక్కువ మెమరీ ఇస్తానని ఒప్పుకుంటుంది. అందరూ ఒకేసారి నిజంగా వాడబోతే, ఓఓఎం కిల్లర్ ఎక్కువ తింటున్నవాణ్ని చూసి తీసేస్తుంది. ఫ్రీ కమాండ్ కొట్టి చూశాను. స్వాప్ దగ్గర సున్నా.

మా ఇంట్లో ఒకటే గది. చుట్టాలొస్తే బియ్యం బస్తాలు వసారాలోకి జరుపుతాం. స్వాప్ కూడా అలాంటి వసారానే. 1 జీబీ ఫైల్ చేసి, పర్మిషన్ 600 పెట్టి, మేక్‌స్వాప్, స్వాపాన్ కొట్టాను. రీబూట్ అయినా పోకుండా ఎఫ్‌స్టాబ్‌లో ఒక లైన్ రాశాను. మామూలుగా 128 ఎంబీ ఉండే బఫర్ పూల్‌ని 64కి తగ్గించి, పెర్ఫార్మెన్స్ స్కీమాని ఆపేశాను. సగంలో ఆగిన ఇన్‌స్టాలేషన్‌ని డీపీకేజీతో పూర్తి చేశాను. సర్వీస్ స్టేటస్ దగ్గర పచ్చ చుక్క కనబడేసరికి రెండున్నర.

రివ్యూలో మేడమ్ "ఎందుకింత స్లో?" అని అడిగారు. "స్వాప్ డిస్క్ మీద ఉంటుంది మేడమ్, ర్యామ్ అంత వేగం రాదు" అన్నాను. తలూపి మార్కులు వేసుకున్నారు.

సాయంత్రం నాన్న ఫోన్. "రెండు వేలు సర్దాన్రా, పంపమంటావా?"

నేను అసలు డబ్బులు అడగనే లేదు.

"వద్దు నాన్నా, ఉన్నదాంట్లోనే సరిపోయింది."