గ్యాస్ అయిపోయిందన్న మెకానిక్కు

ఎండాకాలంలో నా క్లినిక్కుకు వచ్చే వాళ్ళందరికీ నేను చెప్పే మాటలు కొన్ని వున్నాయి. మధ్యాహ్నం పూట బయట తిరగవద్దు. దాహం వేయకపోయినా నీళ్ళు తాగండి. ముసలివాళ్ళను ఒక కంట కనిపెట్టుకుని వుండండి. ఇరవై ఏళ్ళుగా ఉప్పల్‌లో కూర్చుని ఈ మాటలే చెబుతున్నాను. అలాంటిది నా ఇంట్లోనే, నా కన్నతల్లికే వడదెబ్బ తగిలింది. అదీ ఎండలో కాదు. నాలుగు గోడల మధ్య, ఎ.సి. వేసి వున్న గదిలో!

నమ్మబుద్ధి కావడం లేదు కదూ? జరిగిందంతా చెబుతాను. నా తెలివితక్కువతనం పదిమందికి తెలిస్తే నాకు వచ్చే నష్టం లేదు. మీలో ఒక్కరికి వుపయోగపడినా మంచిదే.

మా ఇల్లు మేడిపల్లిలో, వరంగల్ రోడ్డు మీద నుంచి కాస్త లోపలికి వెళితే వుంటుంది. కింద అద్దెకున్న వాళ్ళు, పైన మేము. పై అంతస్తు సంగతి మీకు చెప్పనక్కర్లేదు. పగలంతా తాగిన వేడిని స్లాబు అర్ధరాత్రి దాకా కక్కుతూనే వుంటుంది. అమ్మకు 78 ఏళ్ళు. బి.పి.కి మాత్రలు వాడుతుంది. అందులో ఒకటి ఒంట్లో నీరు తీసేసే మాత్ర. ఆ వయసులో దాహం సరిగా తెలియదు, చెమట కూడా తక్కువే. అందుచేత ఆమె గదికి ఒకటిన్నర టన్నుల ఎ.సి. పెట్టించాను. మా ఇంట్లో అది దర్జా కోసం పెట్టింది కాదు. అమ్మ మందుల డబ్బాలో అదీ ఒక మందే.

నాలుగేళ్ళు బాగానే పనిచేసింది. కిందటి వేసవిలో, ఏప్రిల్ మొదట్లో, చల్లదనం తగ్గింది. రోడ్డు మీద దుకాణం పెట్టుకున్న ఒక మెకానిక్కును పిలిచాను. వచ్చాడు. ఇంట్లో ఎవరినీ ఏమీ అడగలేదు. మేడ మీదికి వెళ్ళి, బయటి డబ్బాకు గేజి తగిలించి, రెండు నిముషాల్లో తీర్పు చెప్పేశాడు.

"గ్యాస్ అయిపోయింది సార్. నింపాలె."

"నాలుగేళ్ళకే అయిపోతుందా?" అని అడిగాను.

"గ్యాస్ అన్నంక అయిపోదా సార్! మీ స్కూటర్ల పెట్రోల్ అయిపోతలేదా?"

ఆ మాట నాకు సబబుగానే తోచింది. రెండువేల అయిదువందలు ఇచ్చాను. రసీదు అడగలేదు. పద్దెనిమిది రోజులు చల్లగా వుంది. మళ్ళీ అదే వరస. మళ్ళీ అతనే వచ్చాడు. "ఈసారి ఎండలు గట్టిగ కొడుతున్నయ్ సార్" అని మళ్ళీ నింపాడు. మళ్ళీ డబ్బు ఇచ్చాను.

ఈ మధ్యలోనే అమ్మ ఒక మాట అంది. "బిడ్డా, మేడ మీద బట్టలు ఆరేస్తుంటే ఆ డబ్బ చెయ్యికి తాకి జల్లుమన్నది" అని. నేను ఏదో హడావిడిలో వుండి, "అమ్మా, నీ నరాల బలహీనత. బి కాంప్లెక్స్ రాసిస్తాను" అన్నాను. డాక్టర్లకు ఇదో జబ్బు. ఇంట్లో వాళ్ళు చెప్పే లక్షణాలు మా చెవికి ఎక్కవు.

రోహిణి కార్తె వచ్చింది. రోళ్ళు పగిలే ఎండలు. ఆ రోజు నా భార్య భువనగిరిలో పెళ్ళికి వెళ్ళింది. ఎ.సి. మళ్ళీ తగ్గినట్టు నాకు ముందు రోజే అనుమానం వచ్చింది. కానీ రెండోసారి గ్యాస్ నింపి నెల కూడా కాలేదన్న ధీమా. తలుపు, కిటికీలు మూసి, ఎ.సి. వేసి, అమ్మను పడుకోమని చెప్పి క్లినిక్కుకు వెళ్ళిపోయాను. రాత్రి తొమ్మిదింటికి తిరిగి వచ్చి తలుపు తీస్తే లోపలినుంచి వేడిగాలి ముఖాన కొట్టింది. ఎ.సి. తిరుగుతూనే వుంది. దాని వెలుగు వెలుగుతూనే వుంది. చల్లదనం మాత్రం చుక్క లేదు. అమ్మ నన్ను చూసి, ఎప్పుడో చనిపోయిన మా మేనమామ పేరు పెట్టి పిలిచింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. థర్మామీటరు 104 చూపించింది.

ఒంటి వేడి 104 డిగ్రీలు, దానితోపాటు మాట తడబాటు. అది వడదెబ్బ అని నాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. కిటికీలన్నీ తెరిచి, తడిబట్టలతో ఒళ్ళంతా తుడుస్తూ, ఫ్యాను గాలి తగిలేలా పెట్టి, 108కి ఫోను చేశాను. అంబులెన్సు వచ్చేదాకా తడపడం ఆపలేదు. ఇక్కడ మీరు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్ర వడదెబ్బకు పనిచేయదు. ముందు ఒంటిని చల్లబరచాలి, ఆ తరువాతే ఆస్పత్రి ప్రయాణం. అమ్మ అయిదు రోజులు ఆస్పత్రిలో వుండి బతికి బయటపడింది. 2015 మే నెలలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండువేల మందికి పైగా చనిపోయారు. ఆ లెక్కలో ఒక అంకె మా ఇంట్లో పడబోయి తప్పిపోయిందని ఇప్పటికీ అనుకుంటాను.

అమ్మ ఆస్పత్రిలో వుండగానే మా కాంపౌండరు మరో మెకానిక్కును పంపాడు. నాచారం పారిశ్రామికవాడలో కోల్డు రూములు చూసే మనిషి. ఆదివారాలు ఇళ్ళకు వెళ్ళి పనిచేస్తాడు. అతను రాగానే సిలిండరు కిందికి దించలేదు. ఒక మెట్టు మీద కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఎప్పుడు బిగించారు? ఎప్పటినుంచి తగ్గింది? ఒక్కసారిగా తగ్గిందా, కొద్దికొద్దిగానా? ఎన్నిసార్లు గ్యాస్ నింపారు? పైపుల మీద మంచు కడుతోందా? ఎవరికైనా షాకు కొట్టిందా?

చివరి ప్రశ్నకు నా గుండె జారిపోయింది. అవి నేను రోజూ నా రోగులను అడిగే ప్రశ్నల్లాంటివే.

తరువాత పరీక్ష. లోపలికి పోయే గాలికీ బయటికి వచ్చే గాలికీ థర్మామీటరు పెట్టి చూశాడు. మిషను సరిగా వుంటే ఈ రెంటికీ ఎనిమిది, పది డిగ్రీల తేడా వుంటుందట. మాకు రెండు డిగ్రీలు కూడా లేదు. పైపులు కలిసేచోట నట్ల మీద సబ్బు నురగ రాశాడు. ఒక నట్టు దగ్గర నురగ బుడగలు బుడగలుగా పొంగింది. "ఇగో సార్, మీ పైసలు ఇక్కడికెళ్ళి పోతున్నయ్" అన్నాడు.

అప్పుడు అతను చెప్పిన సంగతి మీరంతా తెలుసుకోవలసింది. ఎ.సి.లో గ్యాస్ పెట్రోలు లాంటిది కాదు. అది మండిపోదు, ఖర్చయిపోదు. మూసివున్న గొట్టాల్లో తిరుగుతూ, గదిలోని వేడిని మోసుకెళ్ళి బయట పారబోస్తుంది. మళ్ళీ లోపలికి వస్తుంది. మన ఒంట్లో నెత్తురు తిరిగినట్టే. గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాటే.

నెత్తురు తగ్గిన రోగి వస్తే, ఎక్కడినుంచి పోతోందో చూడకుండా సీసా తరువాత సీసా ఎక్కించి పంపే డాక్టరును మీరేమంటారు? నా ఎ.సి.కి జరిగింది సరిగ్గా అదే. చేయించింది నేను!

నాచారం మనిషి మిగిలిన గ్యాస్ తీసేసి, ఆ నట్టు దగ్గర రాగి గొట్టం మూతి కోసి కొత్తగా చేశాడు. గొట్టాల్లో నైట్రోజను పట్టించి, ఒత్తిడి నిలుస్తుందో లేదో గంటసేపు చూశాడు. ఆ తరువాత పంపు పెట్టి లోపలి గాలినీ తేమనూ లాగేశాడు. అప్పుడు తీశాడు గ్యాసు సిలిండరు. దాన్ని కాటా మీద పెట్టి, మిషను మీది రేకుపై అచ్చయిన తూకం ప్రకారం, గ్రాముల్లెక్కన నింపాడు. ఎందుకింత కచ్చితం అంటే, ఎక్కువైనా తక్కువైనా కంప్రెసరుకు చేటేనన్నాడు.

ఇక షాకు సంగతి. మా గోడలోని సాకెట్టు విప్పి చూస్తే మూడోతీగ, అంటే ఎర్తు తీగ, దేనికీ తగిలించి లేదు. ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీ అలాగే వదిలేశాడు. ఎ.సి. బిగించిన వాళ్ళూ చూడలేదు, రెండుసార్లు గ్యాస్ నింపిన మహానుభావుడూ చూడలేదు. "ఇప్పుడు జల్లుమనుడే సార్. లోపల వైరు పొర పోయిననాడు మనిషే పోతడు" అన్నాడు. అమ్మ చెప్పింది నరాల బలహీనత కాదు! మరునాడే ఎర్తు వేయించి, కరెంటు ఏ కాస్త పక్కదారి పట్టినా టక్కున ఆగిపోయే బ్రేకరు పెట్టించాను. దాన్ని ఆర్.సి.సి.బి. అంటారు. ఇళ్ళకు 30 మిల్లీ ఆంపియర్లది కావాలని అడిగి తీసుకోండి.

కాబట్టి, మెకానిక్కును పిలిచేటప్పుడు మీరు చూసుకోవలసినవి చెబుతాను. పరీక్ష చేయకుండా మందు రాసే డాక్టరునూ, అడగకుండా గ్యాస్ నింపే మెకానిక్కునూ నమ్మకండి. "గ్యాస్ తక్కువైంది" అంటే "ఎక్కడ కారుతోందో చూపించు బాబూ" అని అడగండి. మంచివాడు సంతోషంగా చూపిస్తాడు, మరొకడు విసుక్కుంటాడు. ఆ విసుగే మీకు జవాబు. కొన్నిసార్లు జబ్బు గ్యాస్‌ది కానే కాదు. జాలీలో దుమ్ము పేరుకున్నా, బయటి డబ్బా చుట్టూ గాలి ఆడకపోయినా చల్లదనం తగ్గుతుంది. జాలీని రెండు వారాలకోసారి మీరే కుళాయి కింద కడుక్కోవచ్చు. దుమ్ము పడని వాళ్ళకూ, ఆయాసం వున్న వాళ్ళకూ ఇది మరీ అవసరం.

మిషను మీది రేకుపై ఏ గ్యాస్ పేరుంటే అదే నింపాలి. ఇప్పటి మిషన్లలో ఎక్కువగా వుండే ఆర్-32 కొద్దిగా మండే గుణం వున్నది. ఆర్-290 అయితే వంటగ్యాస్ వంటిదే. వాటి దగ్గర బీడీ వెలిగించేవాణ్ణి, గొట్టాల్లోని గ్యాస్ పూర్తిగా తీయకుండా మంట పెట్టి అతికేవాణ్ణి వెంటనే ఆపండి. పాత మిషన్లలోని ఆర్-22 ఆకాశంలోని ఓజోను పొరను కొరికేది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దేశాలన్నీ దాన్ని మానిపిస్తున్నాయి. ఊరికే గాలిలోకి వదిలేసేవాడు మంచి పనివాడు కాదు.

చేసిన పని రాసిన రసీదు, మార్చిన పాత సామాను, మళ్ళీ చెడితే ఎన్నాళ్ళలోపు వుచితంగా వస్తాడన్న మాట, ఈ మూడూ పుచ్చుకోకుండా డబ్బు ఇవ్వకండి. ఎర్తు వుందో లేదో చూపించమనండి. కూలరు వున్న ఇళ్ళకు ఇది రెండింతలు ముఖ్యం. రేకు డబ్బా, నీళ్ళు, కరెంటు మూడూ ఒకచోట చేరతాయి. ప్లగ్గు పీకనిదే నీళ్ళు పోయవద్దు. వారానికోసారి ఆ నీళ్ళు పారబోసి తొట్టి తోమి ఆరబెట్టండి. లేకపోతే డెంగీ దోమ అందులోనే కాపురం పెడుతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఈ ఒక్కమాట ఒక ఎత్తు. చల్లబడని ఎ.సి. వేసి తలుపులు మూసిన గది, కిటికీలు తీసిన మామూలు గదికన్నా ప్రమాదం. మిషను చప్పుడు విని నమ్మకండి. గదిలో ఒక థర్మామీటరు వేలాడదీయండి. ముసలివాళ్ళుంటే మధ్యాహ్నం ఒకసారి ఎవరైనా వెళ్ళి చూసేలా ఏర్పాటు చేయండి. బి.పి. మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు, కానీ వేసవి మొదట్లోనే మీ డాక్టరును అడగండి.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. మెకానిక్కును పిలవడానికి అదే మంచి సమయం. వాళ్ళకూ తీరిక, మనకూ తొందర వుండదు. రోహిణి కార్తెలో పిలిస్తే ఎవరు దొరికితే వారికే చెయ్యి చాచవలసి వస్తుంది, నాలాగ. ఈసారి శివరాత్రి మరునాడే నాచారం మనిషి వచ్చి చూసి వెళ్ళాడు. గ్యాస్ ఒక్క గ్రాము కూడా నింపలేదు. చూసినందుకు కూలి మాత్రం పుచ్చుకున్నాడు. ఆ కూలి ఇచ్చినప్పుడు కలిగినంత తృప్తి నాకు ఈమధ్య ఏ ఖర్చులోనూ కలగలేదు.

అమ్మ మళ్ళీ మేడ మీద బట్టలు ఆరేస్తోంది. ఇప్పుడు ఆమె ఏం చెప్పినా ముందు వింటున్నాను.